నల్లగొండ పల్లెల చరిత్ర, తొమ్మిదవ భాగము: కూలి దొరకని కూలివారు

దేశముఖుల భూములు ఎట్లు పెరిగినవో, దివానీ, జాగీరు, మక్తా అను విభాగములక్రింద నల్లగొండ జిల్లాలోని సాగుభూమి ఎవరెవరి చేతులలోనికి పోయినదో గత భాగమున వివరించితిమి. భూమి కలవారి చరిత్రకు సనదులు, ఫర్మానులు, పహాణీలు సాక్ష్యముగా నిలిచియున్నవి. ఆ భూమిని దున్ని, నాటి, కోసి, కళ్లమున తూర్పారబట్టి, ధాన్యమును గడిలోని గాదెలకు మోసినవారి చరిత్రకు మాత్రము అట్టి కాగితములు మిక్కిలి అరుదు. వారిని లోకము ఏమని పిలిచినదో ఆ పిలుపులే మిగిలినవి. కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బీదల కథను ఈ భాగమున ఒక మాటను ఆధారముగా గొని చెప్పబూనుచున్నాము.

ఇంగ్లీషు భాషలో బీదవారిని పేర్కొను మాటలు పెక్కు కలవు. లాటిను నుండి వచ్చిన పాపర్ అను మాట, ఆ దేశమున బీదల చట్టములు నడచిన కాలములో, ఊరివారు చెల్లించు పన్నుపై బ్రతుకు నిరాధారునికి పేరైనది. ప్రొలెటేరియట్ అను మాటకు మూలము ప్రాచీన రోములో ఉన్నది. సంతానము తప్ప రాజ్యమునకు సమర్పించుటకు మరియొక ఆస్తి లేనివారిని అచ్చట ఆ పేరున లెక్కించిరి. ఇవి పాశ్చాత్యుల గడ్డపై పుట్టి వారి నోట పెరిగిన మాటలు. ఇంగ్లీషు నిఘంటువులలో స్థిరపడిన కూలీ అను మాట అట్టిది కాదు. అది మన దక్షిణదేశపు పల్లెలనుండి ఓడరేవులకును, ఓడరేవులనుండి సముద్రములు దాటి దీవులకును పోయి, పోయినచోటనెల్ల కోట్లకొలది శ్రమజీవులకు ముద్రగా అంటుకొని, తుదకు రూపము మార్చుకొని మన నోటికే తిరిగివచ్చినది.

తెలుగున కూలి యనగా పనికి ప్రతిఫలము. తమిళ, కన్నడ, మలయాళములందును ఈ మాట ఇదే రూపమున ఇదే అర్థమున ఉన్నందున ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తని చెప్పవచ్చును. పనిచేయువాడు కూలివాడు, పనికి పోవుట కూలికి పోవుట. ఉత్తర తెలంగాణమున వినవచ్చు కైకిలి అను మాటలోను, చేయి అను అర్థముగల కై శబ్దమును కూలితో జతపడియున్నట్లు స్పష్టముగా కానవచ్చుచున్నది. ఈ రూపములన్నింటను కూలి యనునది మనిషి పేరు కాదు. మనిషికి రావలసిన దానికి పేరు. పని ముగిసిన సాయంకాలమున కొంగు పట్టిన స్త్రీకి పోయవలసిన గింజలకు పేరు.

1886లో యూల్, బర్నెల్ అను ఇరువురు పండితులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువులో ఈ మాట పుట్టుకనుగూర్చి దీర్ఘమైన చర్చ కలదు. గుజరాతు తీరమున కోలీలను జాతివారు కష్టపుపనులు చేయుచుండుటచేత, పోర్చుగీసువారు వారి పేరునే బరువులు మోయువారి కందరికిని పెట్టిరని ఒక వాదము. దక్షిణదేశపు కూలి శబ్దమే మూలమని రెండవ వాదము. పడమటి తీరమున పాశ్చాత్యులు మొదట కోలీల పేరునే విని యుండవచ్చును; కాని ఆ మాటకు అద్దెపై పనిచేయువాడను అర్థము కుదురుటకు దక్షిణదేశపు శబ్దమే కారణమై యుండునని మా నమ్మకము. ఇంగ్లీషు కంపెనీవారు 1611లోనే మచిలీబందరులో వర్తకస్థానము నెలకొల్పిరి. గోలకొండనుండి ఆ రేవునకు పోవు బాట మన ఈ ప్రాంతముగుండ పోవుచుండెను. బట్టల మూటలు, ఉప్పు, దినుసులు ఎద్దుల వీపులపైనను మనుష్యుల తలలపైనను ఆ బాటవెంట సాగుచుండగా, మోసినవాడు మోతకు అడిగిన కూలియే మోయించుకొనిన దొర చెవికి వానిపేరుగా వినబడియుండును.

అట్లు ప్రతిఫలమునకు పేరైన మాట మనిషికి పేరైనది. నేటి మన పత్రికలలో హ్రస్వాంతమగు కూలి వేతనమునకును, దీర్ఘాంతమగు కూలీ మనిషికిని వాడుకలో నున్నవి. దినకూలి అనిన దినమునకు వచ్చు డబ్బు. దినకూలీ అనిన ఆ డబ్బుపై బ్రతుకు మనిషి. ఆ దీర్ఘము పరదేశమునుండి తిరిగివచ్చినది.

ఆ పరదేశయాత్ర యెట్టిదో కొంత చెప్పవలసియున్నది. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో ఆమోదము పొంది, 1834 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చినది. చెరకుతోటల యజమానులకు చేతులు కావలసివచ్చినవి. ఆ సంవత్సరము నవంబరులోనే కలకత్తానుండి బయలుదేరిన అట్లాస్ అను ఓడ 36 మందిని మారిషసు దీవిలో దింపినది. తరువాతి ముప్పాతిక శతాబ్దములో ఆ ఒక్క దీవికే సుమారు నాలుగున్నర లక్షలమంది పోయిరి. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అను ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. 1911 వరకు ఆ నేటాలు రాజ్యమునకు పోయినవారు లక్షా ఏబదిరెండువేలు. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు అరువదివేలకు పైగా పోగా, వారిలో దక్షిణాదివారు 1903 నుండి చేరిరి. ఈ ఓడలలో విశాఖపట్టణము, గోదావరి, చిత్తూరు ప్రాంతముల తెలుగువారు పెక్కుమంది ఉండిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరుమీదుగా మారిషసులోను బర్మాలోను తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చినది.

వీరు అయిదేండ్ల ఒప్పందముపై బొటనవ్రేలి ముద్ర వేసి పోయినవారు. ఒప్పందమున కూలి యెంతయో వ్రాసియుండెను. కాని జబ్బుచేసి పనికి రాని దినమునకు కోత, పని తక్కువైన దినమునకు కోత, తోట విడిచి అనుమతిచీటి లేక బయట కనబడినచో శిక్ష. కూలి యను పేరు పూర్తిగా వారికి దక్కినది కాని కూలి మాత్రము పూర్తిగా దక్కలేదు. ఆ మాట వారి పిల్లలకును పిల్లల పిల్లలకును, వర్తకమునకై పోయిన స్వతంత్రులకును గూడ అంటుకొన్నది. 1893లో దక్షిణాఫ్రికాకు పోయిన గాంధీగారు తమ ఆత్మకథలో, అచ్చటి తెల్లవారు భారతీయుల నందరిని కూలీలనియే పిలుచుచుండిరనియు, తమ్ము కూలీ బారిష్టరనిరనియు, ఆ మాట తప్పించుకొనుటకై ముసల్మాను వర్తకులు అరబ్బులమని చెప్పుకొనుచుండిరనియు వ్రాసిరి. చైనా దేశీయులకు సైతము ఆ పేరే పెట్టగా, వారు దానిని తమ లిపిలో చేదు, బలము అను అర్థములుగల రెండు అక్షరములతో వ్రాసికొనిరి. నేటికిని దక్షిణాఫ్రికాలో ఒక భారతీయుని ఆ మాటతో పిలుచుట తీరని అవమానము.

సముద్రము దాటిన కూలి కథ ఇది. మన సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ సీమలనుండి ఆ ఓడలెక్కినవారు అరుదు. ఈ సీమలు నిజాము రాజ్యములోనివి. కూలీలను ఓడల కెక్కించు దళారుల రాకపోకలు ఎక్కువగా బ్రిటిషు జిల్లాలలోనే సాగినవి. ఓడలు మారిషసుకు పోవుచున్న ఆ కాలమున ఇచ్చట బీదవాని స్థితి యేమి? ఇక్కడనే మన కథ వేరొక దారి పట్టుచున్నది. ఇచ్చట కూలివాడను పేరునకు నోచుకొనినవాడు అదృష్టవంతుడు. ఏలయన అధికసంఖ్యాకులు చేసిన పనికి కూలి యనునదే లేదు. దానికి పేరు వెట్టి.

వెట్టి అను మాటకు మూలము సంస్కృతములోని విష్టి. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజునకు రావలసిన వానిలో విష్టి యొకటి. క్రీస్తు తరువాత 150 ప్రాంతమున రుద్రదాముడను శక ప్రభువు గిరినగరమున చెక్కించిన శాసనములో, తాను సుదర్శన తటాకపు గట్టును ప్రజలచేత విష్టి చేయింపకయే తిరిగి కట్టించితినని చెప్పుకొనెను. చేయింపకపోవుటయే శాసనమున చెక్కదగిన ఘనకార్యమైనదన్న, చేయించుట ఎంత సామాన్యమో ఊహింపవచ్చును. అట్టి ప్రాచీనమైన పీడ నల్లగొండ జిల్లాలో ఇరువదవ శతాబ్ది నడిమివరకు నిలిచియుండినది.

వెట్టి ఒక్క కులమునకు పరిమితమైన పీడ కాదు. మాదిగ, మాల కుటుంబములు ఇంటికొక మనిషిని దినదినము దొర పనికి, పటేలు పనికి పంపవలెను. చాకలి గడిలోని బట్టలు ఉతుకుటయే గాక దంచుట, విసరుట, వచ్చినవారికి మంచములు వేయుట చేయవలెను. కుమ్మరి కుండలు, గొల్ల గొఱ్ఱెలు, గౌండ్ల కల్లు, సాలె బట్ట, మాదిగ చెప్పులు, కోమటి దినుసులు ఊరకనే ఈయవలెను. రైతైనను తన పొలము తడుపుకొనుటకు ముందు దొర పొలము దున్నవలెను, నాటవలెను. తొలకరి పదును ఆరకముందు దొర చేనిలో ఉండి, పదును ఆరిన పిమ్మట తన చేనికి పోవు రైతునకు ఆ యేటి పంట ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

సర్కారు ఉద్యోగి ఊరికి వచ్చిన దినమున ఈ యంత్రమంతయు ఎట్లు తిరుగుచుండెనో చూడుడు. గిర్దావరు వచ్చుచున్నాడని కబురు తెచ్చువాడే వెట్టివాడు. పోలీసు పటేలు చావడిముందు నిలిచి కేకవేయును. ఒకడు గుఱ్ఱమునకు గడ్డి కోయబోవును, ఒకడు కట్టెలు తెచ్చును, ఒకతె చావడి అలికి నీళ్లు నింపును, గొల్లవాడు మేకపిల్లను తోలుకొనివచ్చును, కోమటి బియ్యము, నెయ్యి కొలిచి యిచ్చి పద్దు వ్రాసికొనడు. మరునాడు ఉద్యోగి బండి కదలగా, పరుపుచుట్ట ఒకని తలపైన, పెట్టె మరియొకని తలపైన, బండికి ముందు దారి చూపుటకు ఇంకొకడు, బండి వేగముననే పరుగెత్తవలెను. పొరుగూరి పొలిమేరలో ఆ ఊరి వెట్టివారు వచ్చి బరువు అందుకొనువరకు వీరికి విడుదల లేదు. వారు రాకున్న ముందునకు పోవలసినదే. ఇంటికి తిరిగివచ్చునప్పటికి పొద్దు గూకును. ఆ దినమునకు గంజి యెట్లను ప్రశ్న అడుగువాడు లేడు. నీ బాంచను, కాల్మొక్త అనునదే ఈ మనుష్యుల నోట దొర చెవికి వినబడదగిన వాక్యమైనది.

వెట్టికన్న లోతైన గోయి జీతము. ఉద్యోగులకు నెలనెల వచ్చునది జీతమని నేడు మనకు తెలిసిన అర్థము. పల్లెలో జీతముండుట యనగా దొర యింట పాలేరుగా సంవత్సరములతరబడి కట్టుబడియుండుట. సర్కారు కాగితములు ఇట్టివానిని భగేలా యనెను. పెండ్లికో చావుకో తండ్రి అప్పు తీసికొని, అది తీరువరకు దొరవద్ద పనిచేయుదునని వ్రేలిముద్ర వేయును. పని వడ్డీ క్రింద చెల్లును, అసలు నిలిచియుండును, తండ్రి పోయిన పిమ్మట కొడుకు ఆ అసలునకు వారసుడగును. వానలకాలమున గింజలు లేక తీసికొను ధాన్యపు అప్పునకు నాగు అని పేరు. కుంచమునకు కుంచమున్నర కళ్లములోనే కొలిచి యీయవలెను. కొలుచునప్పటి కుంచము ఒకటి, ఇచ్చునప్పటి కుంచము ఒకటి ఉండెడి గడులు కలవని వృద్ధులు చెప్పుదురు. నిజాము ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందములను కట్టడిచేయుచు చట్టము చేసినది. ఒప్పందమును అమలుచేయువాడును, చట్టమును అమలుచేయువానికి ఆతిథ్యమిచ్చువాడును ఒక్క దొరయే యగుటచేత ఆ చట్టము పల్లె పొలిమేర దాటి లోనికి రాలేదు. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపాడు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అధీనమున లక్షన్నర ఎకరములు ఉండినవని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. అంతటి భూమికి కూలి యిచ్చి పనిచేయింపవలసివచ్చినచో ఆ దొరతనమే నిలువజాలదు. వెట్టి దొరల దర్పమునకు అలంకారము మాత్రమే కాదు, వారి సాగునకు మూలధనము.

కోదాడ ప్రాంతమునకు ఒక విశేషము కలదు. సూర్యాపేటనుండి కోదాడకు పోవు దారిలోని మునగాల పరగణా, నలువైపుల నిజాము రాజ్యమున్నను, తాను మాత్రము బ్రిటిషు వారి కృష్ణా జిల్లాలో చేరియుండెను. 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలియలేదు. నడిగూడెము కోటనుండి ఆ పరగణాను ఏలిన నాయని వెంకటరంగారావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడిన భాషాపోషకులు; వారి దివాను, విజ్ఞానచంద్రికా మండలిని నడిపిన కొమర్రాజు లక్ష్మణరావుగారు. తెలుగుజాతి వారిరువురికిని ఋణపడియున్నది. అయినను ఆ జమీందారీ పల్లెలలో వెట్టి ఉండెను, అక్రమ వసూళ్లు ఉండెను. 1930ల ఉత్తరార్ధమున నండూరి ప్రసాదరావు మున్నగువారి నాయకత్వమున మునగాల రైతులు వానికి ఎదురు నిలిచిరి. గ్రంథాలయము వెలసిన చేతులమీదుగానే వెట్టియు సాగినదన్న సత్యమును దాచుట చరిత్రకారునకు తగదు.

ఆ సరిహద్దునకు అవతల కృష్ణా డెల్టా. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట అచ్చట వరిసాగు విస్తరించి, నాట్లకును కోతలకును చేతులు కావలసివచ్చినవి. అవతలివైపు చెల్లునది కల్దారు రూపాయి, ఇవతల నిజాముది హాలి సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. పొలిమేర దాటి కోతకు పోయిన మనిషికి గింజలోనో నాణెములోనో కూలి యనునది చేతికి వచ్చును. అదే మనిషి తన ఊరిలో అదే కొడవలితో అంతే వరి కోసినచో ఏమియు రాదు. కొన్ని మైళ్ల దూరములో కనబడిన ఈ తారతమ్యము పల్లెవానికి నేర్పిన పాఠమును, తరువాత వచ్చిన నాయకుల ఉపన్యాసములకన్న బలవత్తరమైనదిగా మేము ఎంచుచున్నాము.

ఆ నాయకుల ప్రయత్నమును తక్కువచేయరాదు. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి కార్యదీక్షతో, వెట్టికి విరుద్ధముగా సర్కారు ఇచ్చిన ఉత్తరువులు ఏవేవి కలవో పల్లెవారికి తెలియునట్లు అచ్చువేసి పంచినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన కూడిన ఆంధ్రమహాసభ మొదలు, ఏ సభయు వెట్టిని తలపక ముగియలేదు. 1941లో కోదాడకు సమీపమున హుజూర్‌నగరు తాలూకాలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ఎనిమిదవ మహాసభతో నాయకత్వము యువకుల చేతిలోనికి వచ్చినది. 1944లో భువనగిరిలో సభ్యత్వపు రుసుమును రూపాయినుండి అణాకు తగ్గించిరి. రూపాయి చెల్లించగలవాడు మహాసభ సభ్యుడు. అణా చెల్లించగలిగినవాడు మాత్రము దానిని సంగమని పిలిచెను. ఆ అణా తగ్గింపుతోనే వకీళ్ల సభ జీతగాండ్ర సంగమైనది.

సంగము పల్లెలో చేసిన మొదటి పని మిక్కిలి సాదాది. వెట్టికి రమ్మని కేక వినబడినప్పుడు ఎవరును పోకుండుట. ఒక్క యిల్లు పోకున్న ఆ యింటిని కూల్చెదరు. ఊరంతయు పోకున్న ఎవరి యింటిని కూల్చుదురు? గుత్పలు పట్టిన మగవారును, రోకళ్లు, కారపుపొడి సిద్ధముచేసికొనిన ఆడువారును ఆ ప్రశ్నకు కాపలా కాచిరి. రెండవ పని కూలి అడుగుట. నాటువేయు స్త్రీలకు, కోతవారికి, జీతగాండ్రకు ఇంత కొలిచి యీయవలెనని సంగము నిర్ణయించి, ఈయనిచోట పని నిలిపివేసినది. సూర్యాపేట తాలూకాలోని కరివిరాల కొత్తగూడెమున భూస్వామి కుటుంబములో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యము ఈ పోరాటమునకు ప్రముఖులైరి. వెట్టి మానుమని మహాసభ యిచ్చిన పిలుపు విని, పదేండ్ల ప్రాయమున తమ యింటి ధాన్యమునే పనివారికి పంచిపెట్టితినని స్వరాజ్యముగారు చెప్పుచుండెడివారు. పొరుగు జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకు బలియైన పిమ్మట పోరాటము ఆయుధము పట్టినది. బాలెముల, పాత సూర్యాపేట మున్నగు గ్రామములు పోలీసుల నెదిరించినవి. ఉద్యమము పరాకాష్ఠ నందిన కాలమున మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచబడినవనియు, వ్యవసాయపు కూలి రేట్లు అమలైనవనియు సుందరయ్యగారి గ్రంథము చెప్పుచున్నది. భూమి పంపకమును అందరును స్మరింతురు. కూలి రేట్లను స్మరించువారు తక్కువ. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత పంచిన భూమిలో పెక్కుభాగము తిరిగి దొరలకే పోయినది. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. కాని వెట్టి తిరిగి రాలేదు. పనికి కూలి అడుగు అలవాటును ఏ సైన్యమును వెనుకకు తీసికొనిపోజాలలేదు.

అందుచేతనే కూలి అను మాట ఇచ్చట జెండాపై నిలువగలిగినది. దక్షిణాఫ్రికాలోను మారిషసులోను ఏ మాటను వినలేక చెవులు మూసికొనిరో, ఆ మాటనే తెలుగుదేశపు పల్లెలలో బీదలు తమ సంఘములకు పేరుగా పెట్టుకొనిరి. నెల్లూరు మండలములోని అలగానిపాడున సుందరయ్యగారు 1930లలో వ్యవసాయకూలీల సంఘము పెట్టిరి. తరువాతి తరములవారు రైతుకూలీ సంఘములు పెట్టిరి. 2016లో కేంద్ర రైల్వే మంత్రి రైల్వే స్టేషనులలోని కూలీలను ఇకమీదట సహాయకులని పిలువవలెనని ప్రకటించిరి. స్టేషనులో బరువు మోయువానికి ఆ మార్పు గౌరవమైనచో సంతోషమే. మా సీమ పల్లెలలో ఆ పేరు మార్చుమని అడిగినవారిని మేము ఎరుగము.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరునుండి 1967 ఆగస్టులో నీరు విడుదలకాగా, లాల్‌బహదూర్ కాలువ పేరుగల ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ సీమల రూపమును మార్చినది. ఆముదము, జొన్న, సజ్జ పండిన చెలకలు వరిమడులైనవి. వరిమడికి నాటువేయు చేతులు కావలెను, అదియు పదునైదు ఇరువది దినములలో అన్నిచోట్ల ఒక్కసారిగా. ఆ కొద్దిదినములు కూలివారికి బలము వచ్చు దినములు. స్త్రీలు పది పదునైదుమంది ముఠాగా చేరుదురు. ముఠాకు పెద్ద యొకతె ఉండును. రైతు ముందునాటి సాయంకాలమే ఆమె వాకిటికి వచ్చి ఎకరమునకు గుత్త మాటలాడవలెను: నారు పీకి కట్టలు మడిలోనికి రైతు చేర్చునా, ముఠా చేర్చునా, మడి దూరమైనచో ఆటో ఖర్చు ఎవరిది, మడిలో మొక్కకును మొక్కకును ఎడమెంత. ఇవన్నియు తేలిన తరువాత మరునాడు తెల్లవారకముందే సద్ది మూటలతో బయలుదేరి, వంగిన నడుములు ఎత్తక, వెనుకకు అడుగు వేయుచు మడి నింపుదురు. వెట్టికి కేకవేసిన పటేలు వాకిటికి పోయిన స్త్రీ మనుమరాలి వాకిటికి నేడు రైతు వచ్చుట ఈ మూడు తాలూకాల చరిత్రలో అన్ని చట్టములకన్న పెద్ద మార్పు. ఆ రైతులలో అనేకులు తామును బీదలే యనుటయు సత్యమే. కౌలునకు సాగుచేసి, గుత్త చెల్లించి, ధర రాక అప్పుపడు రైతు బాధ వేరొక భాగమునకు తగిన కథ.

ఆ వడ్లు చేరు మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బస్తాలు మోయువారికి హమాలీలని పేరు. అది అరబ్బీ మాట, బరువు మోయువాడని అర్థము. అచ్చటను బస్తాకు ఇంతయని రేటు కట్టి, కొన్నియేండ్ల కొకసారి సంఘములవారును మిల్లుదారులును కూర్చుండి దానిని తిరిగి నిర్ణయింతురు. 1975లో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనము జీతపు అప్పులను రద్దుచేసినది. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీ పథకము మొదటి విడతలో ఎన్నికయైన జిల్లాలలో నల్లగొండ యొకటి. చెరువు పూడిక తీసిన దినమునకు కూలి బ్యాంకు ఖాతాలో పడుట, ఖాతా స్త్రీ పేరునను ఉండుట, దాని ఫలితముగా పొలములలో కూలి రేటు కొంత నిలద్రొక్కుకొనుట మేము చూచినదే. చెల్లింపులలో జాప్యము నేటికిని తీరని బాధ. చేసిన పనికి నెలలతరబడి కూలి రాకుండుట ఏ ప్రభుత్వమునకును శోభ కాదు.

ఇటీవలి యేండ్లలో బీహారు, పశ్చిమ బెంగాలు పల్లెలనుండి యువకులు ముఠాలుగా వచ్చి మన సీమలో నాట్లు వేయుచున్నారు, మిల్లులలో బస్తాలు మోయుచున్నారు. వారిని తెచ్చువాడు మేస్త్రీ. వారి యింటివద్ద ముందుగా ఇచ్చునది అడ్వాన్సు. ఆ అడ్వాన్సు ఎవరి లెక్కలో ఎట్లు తీరుచున్నదో, కూలి మేస్త్రీ చేతికి పోవుచున్నదో మోసినవాని చేతికి పోవుచున్నదో, ఇచ్చటి కూలిసంఘములు వారి భాష నేర్చుకొని అడుగవలసిన సమయము వచ్చినది. కోరంగి రేవులో ఓడ యెక్కినవారికిని, గడిలో జీతమున్నవారికిని కథ ఆరంభమైనది అట్టి ముందస్తు సొమ్ముతోనే. నాగు, అడ్వాన్సు, మేస్త్రీ కమీషను అను ఈ ఋణముల చరిత్రను, కోమటి పద్దులనుండి నేటి చీటీల వరకు, వచ్చు భాగమున చెప్పుదుము.

(సశేషము)